కంపెనీకి అంతా తెలుసు

మా స్టోర్స్‌లో ఇండెంట్, అంటే ఫలానా వస్తువు కావాలని అడిగే కాగితం, మూడు కాపీలుగా ఉండేది. తెల్లది కొనుగోలు విభాగానికి, గులాబీది మాకు, పచ్చది అడిగిన డిపార్ట్‌మెంటుకి. విశాఖపట్నంలో గాజువాక దాటాక ఉన్న ఒక రసాయనాల ఫ్యాక్టరీ అది. నేను అక్కడ పనిచేసి పద్దెనిమిదేళ్ళు దాటింది. దాని పేరు చెప్పను. కానీ ఒక గులాబీ కాగితం మాత్రం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంటుంది. "పోర్టబుల్ గ్యాస్ మీటర్ సెన్సర్లు, రెండు" అని బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కి రాశారు. తెల్ల కాపీ పైనుంచి తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డగీత, వచ్చే క్వార్టర్‌లో చూద్దామని రెండు ముక్కలు, కింద పొట్టి సంతకం. రెండు కాగితాలూ కలిపి పిన్ను కొట్టి పెండింగ్ ఫైల్లో పెట్టింది నేనే.

తేదీ జూన్ 11.

ఆ సెన్సర్లకి గడువు ఉంటుంది. రెండేళ్ళో అంతకు కాస్త అటూఇటూనో పనిచేస్తాయి, తరవాత మీటరు ఆన్ అవుతుంది కానీ అది చూపించే అంకెని నమ్మడానికి లేదు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారు వారానికోసారి మా కౌంటర్ దగ్గరికి వచ్చి అడిగేవారు. "ఏటమ్మా, మా కాయితం ఇంకా కదల్లేదా?" కదల్లేదండీ, మళ్ళీ వెనక్కి పంపారు అనేదాన్ని. మూడుసార్లు పంపారు ఆయన. మూడుసార్లూ తిరిగొచ్చింది. ఆ రోజుల్లో హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది, ఆ క్వార్టర్‌లో స్పేర్స్ ఖర్చు పది శాతం తగ్గించాలని. అందులో ఎవరినీ చంపమని లేదు. ఒక అంకె, ఒక గడువు, అంతే.

సెప్టెంబరు 2న వ్యర్థ జలాల గుంతలో పేరుకున్న మడ్డి తీయడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టు కుర్రాడు దిగాడు. అలాంటి గుంతల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోయి అసలు వాసనే తెలియదు. అందుకే మనిషి ముక్కుని నమ్మకుండా మీటరు పెట్టి చూడాలి. ఆ రోజు పర్మిట్ కాగితం మీద "గ్యాస్ టెస్ట్ చేశాం" అన్న గడిలో టిక్కు ఉంది. పెట్టింది ఇన్‌ఛార్జి గారు. పనిచేసే మీటరు లేదు, పని ఆపితే అడిగేవాళ్ళున్నారు, టిక్కు పెట్టారు. కుర్రాడు పైకి రాలేదు. వాణ్ణి లాగడానికి దిగిన ఇంకో మనిషి మాత్రం ప్రాణాలతో బయటపడ్డాడు.

సెప్టెంబరు 6న సెన్సర్లు వచ్చాయి. కొరియర్‌లో, అర్జెంట్ అని స్టిక్కరుతో. సరుకు అందిందని జీఆర్‌ఎన్ కాగితం రాసింది కూడా నేనే. మూడు నెలలు దొరకని వస్తువు నాలుగు రోజుల్లో దొరికింది.

కేసు ఎవరి మీద పడిందో చదివేవాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది. నిర్లక్ష్యం వల్ల మరణం కింద ఇన్‌ఛార్జి గారి మీద. సస్పెన్షన్, ఏళ్ళ తరబడి వాయిదాలు. ఫ్యాక్టరీల చట్టం కింద కంపెనీ మీద పడిన కేసులో దాని తరఫున ఎవరో వెళ్ళి ఒప్పుకుని, వేలల్లో జరిమానా కట్టేసి వచ్చారు. ఆ ఏడాది వార్షికోత్సవానికి వేసిన షామియానాల బిల్లు అంతకంటే ఎక్కువ. ఆ బిల్లూ నా చేతుల మీదుగానే వెళ్ళింది.

అప్పటినుంచి నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఒకటే. ఆ చావు ఎవరికి తెలిసి జరిగింది? మీటరు పాడైందని ఇన్‌ఛార్జికి తెలుసు, పైన ఏం మాట్లాడుకున్నారో తెలియదు. కాగితం మూడుసార్లు తిరిగొచ్చిందని నాకు తెలుసు, ఏ గుంతలోకి ఎవరు ఎప్పుడు దిగుతారో తెలియదు. ఎర్ర సిరా ఆయనకి ఖర్చు సంగతి తెలుసు, సెన్సర్ అంటే ఏమిటో బహుశా తెలియదు. హెడ్డాఫీసుకి పది శాతం తెలుసు. తిలాపాపం తలా పిడికెడు అంటాం కదా. ఒక్కొక్కరిని పట్టుకుని చూస్తే ఎవరి పిడికెడూ నేరమంత పెద్దది కాదు. కానీ అన్ని పిడికెళ్ళూ ఒకే గేటు లోపల, ఒకే లెటర్‌హెడ్ కింద, ఒకే ఫైలింగ్ బీరువాలో ఉన్నాయి. మాకు ముక్కలుగా తెలిసింది, కంపెనీకి మొత్తం తెలుసు.

అందుకే కంపెనీని ముద్దాయిగా నిలబెట్టి, కంపెనీకే శిక్ష వేయాలని వాదిస్తాను. మనుషుల్ని వదిలేయమని కాదు. మనుషుల్ని మాత్రమే పట్టుకుంటే ఎప్పుడూ చిట్టచివర సంతకం పెట్టినవాడే దొరుకుతాడు, అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు.

ఇది మా ఒక్క ఫ్యాక్టరీ గోడు కాదు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు నుంచి బయల్దేరిన ఒక బ్రిటిష్ ఫెర్రీ ముందు తలుపులు తెరిచి ఉండగానే సముద్రంలోకి వెళ్ళి తిరగబడింది. 193 మంది పోయారు. తలుపులు వేయాల్సిన మనిషి నిద్రపోయాడు. ఇక్కడిదాకా వింటే తప్పు ఆ నిద్రదే అనిపిస్తుంది. అయితే తలుపులు మూశారో లేదో నడిపేవాళ్ళకి తెలిసేలా పైన ఒక దీపం పెట్టించమని ఆ కంపెనీ కెప్టెన్లు అంతకుముందే రాతపూర్వకంగా అడిగారు. కంపెనీ కొట్టిపారేసింది. ఒక దీపం! ఆ విచారణ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా గులాబీ కాగితమే గుర్తొచ్చింది. 1990లో ఆ కంపెనీ మీద మాన్‌స్లాటర్ కేసు, అంటే హత్య కిందికి రాని నరహత్య కేసు, కోర్టులో నిలబడలేదు. నేరమంతా మనసులో పెట్టుకున్న ఒక్క పై అధికారి అంటూ దొరకాలి, దొరకలేదు. ఆ దారి మూసుకుపోయిందనే చివరికి బ్రిటన్ 2007లో కార్పొరేట్ మరణాలకి ప్రత్యేకంగా ఒక చట్టం చేసుకుంది. ఒక్కడి మనసులో ఏముందని ఆ చట్టం వెతకదు. పెద్దలు కంపెనీని నడిపిన తీరే మరణానికి దారితీసిందా అని చూస్తుంది.

మన దగ్గర కథ ఇంకో రకం. కంపెనీ కూడా "వ్యక్తి" అని మన శిక్షాస్మృతిలో మొదటినుంచీ ఉంది. కానీ జైలు తప్పనిసరి అని రాసున్న నేరాల్లో కంపెనీని జైల్లో పెట్టలేం కాబట్టి కేసే చెల్లదని 2003లో సుప్రీంకోర్టు అంది. అంటే నేరం ఎంత పెద్దదైతే కంపెనీకి అంత రక్షణ. అదృష్టం కొద్దీ 2005లో స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకు కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ముగ్గురికి ఇద్దరు తేడాతో దాన్ని తిప్పేసింది. జైలు కుదరకపోతే జరిమానా వేయొచ్చు, కేసు మాత్రం నడుస్తుంది అంది. నేరబుద్ధి కంపెనీకీ అంటగట్టవచ్చని 2010లో ఇరిడియం కేసులో తేల్చారు. కాబట్టి "కంపెనీని ఎలా శిక్షిస్తాం" అనే ప్రశ్నకి దారి తెరిచే ఉంది. ఆ దారి చివర ఉన్న శిక్షే చాలా చిన్నది.

ఎంత చిన్నదో చెప్తాను. భోపాల్ దుర్ఘటన 1984 డిసెంబరులో. కింది కోర్టు తీర్పు వచ్చింది 2010 జూన్ 7న. బతికున్న ఏడుగురు భారతీయ అధికారులకి రెండేళ్ళ జైలు. యూనియన్ కార్బైడ్ ఇండియాకి, అంటే కంపెనీకి, 5 లక్షల రూపాయల పైచిలుకు జరిమానా. వేలమంది చనిపోయిన కేసు అది. ఫ్యాక్టరీల చట్టం 1948లో భద్రతా నియమం తప్పినందువల్ల కార్మికుడు చనిపోతే కనీస జరిమానా 25 వేలని ఉండేది. ఆ చట్టం స్థానంలో 2020లో చేసిన కొత్త కార్మిక భద్రతా కోడ్‌లో అది 5 లక్షలైంది, అందులో సగానికి తగ్గకుండా కుటుంబానికి ఇప్పించే వీలు కోర్టుకి ఇచ్చారు. ఆ మార్పు మంచిదే. అయితే పక్కనే ఇంకో చట్టం చూడండి. నాలుగు కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచితే కాంపిటిషన్ చట్టం కింద టర్నోవర్‌లో 10 శాతం గానీ లాభానికి మూడు రెట్లు గానీ, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా వేయొచ్చు. కొనేవాడి జేబు విషయంలో కంపెనీ ఎంత పెద్దదో లెక్కలోకి వస్తుంది. కార్మికుడి ప్రాణం విషయంలో చిన్న రైసుమిల్లుకీ వేల కోట్ల కంపెనీకీ ఒకటే అంకె. ఇది నాకు ఎన్నటికీ మింగుడుపడదు.

ఈ ఊళ్ళో ఉంటూ దీన్ని దూరం నుంచి చూసే వీలు మనకి లేదు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో గ్యాస్ లీకై మంటలు లేచిన పొద్దున సుమారు అరవై మంది పోయారు. 2012 జూన్‌లో స్టీల్‌ప్లాంటు పేలుడు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక పేలుడు, 17 మంది. ఇక 2020 మే 7. ఆర్.ఆర్. వెంకటాపురంలో తెల్లవారుజామున మూడింటికి నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్ళలో మనలో చాలామందికి తెలిసినవాళ్ళున్నారు. రోడ్ల మీద, కాలవల పక్కన పడిపోయిన మనుషుల వీడియోలు ఆ పొద్దున అందరి ఫోన్లలోనూ తిరిగాయి. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వచ్చిన స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరి అది. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో ట్యాంకు పైభాగాన ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదని రాశారు. సైరన్ మోగించడానికి 36 చోట్ల వీలుండి కూడా ఒక్కచోటా మోగించలేదని రాశారు. ఆ రెండు వాక్యాల వెనక ఎన్ని ఇండెంట్లు, ఎన్ని మీటింగులు, ఎన్ని "తరవాత చూద్దాం"లు ఉంటాయో నాలాంటి స్టోర్స్ మనిషి ఊహించుకోగలదు. సీఈఓతో సహా 12 మందిని ఆ జూలైలో అరెస్టు చేశారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. మృతుల కుటుంబాలకి రాష్ట్ర ప్రభుత్వం కోటి చొప్పున ఇచ్చింది.

ఆ కోటి గురించి ఒక మాట. ఇచ్చారు కాబట్టి అయిపోయింది అనుకునేవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. పరిహారం వేరు, శిక్ష వేరు. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు తప్పు ఎవరిదైనా నష్టం కట్టాల్సిందేనని, కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలని ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులో 1986లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది బాధితుడికి చేరాల్సిన బాకీ. శిక్ష అనేది నువ్వు చేసింది తప్పు అని సమాజం మొహం మీద చెప్పడం. బాకీ తీర్చినంత మాత్రాన ఆ మాట చెప్పినట్టు కాదు. ఇక్కడ కోటి ఇచ్చింది ప్రభుత్వం, అంటే మనం.

ఇప్పుడు ఎదుటి వాదన. నా తమ్ముడు చార్టర్డ్ అకౌంటెంటు, వాడితో దీని మీద చాలాసార్లు గొడవపడ్డాను. "అక్కా, కంపెనీకి వేసే జరిమానా గాల్లోంచి రాదు. వచ్చే ఏడాది బోనస్‌లోంచో, కాంట్రాక్టు కూలీల రేట్లలోంచో వస్తుంది. షేర్లు కొన్న పింఛనుదారుడి జేబులోంచి వస్తుంది. తప్పు చేసినవాడు ఈలోగా ఇంకో కంపెనీకి మారిపోయుంటాడు" అంటాడు. వాడి మాటలో నిజం ఉంది. మన ఊళ్ళో ఇంకా ఎక్కువ నిజం. షిప్‌యార్డు, స్టీల్‌ప్లాంటు, రిఫైనరీ అన్నీ ప్రభుత్వ రంగమే. వాటికి జరిమానా వేస్తే ప్రభుత్వం ఎడమ జేబులోంచి కుడి జేబులోకి డబ్బు మారుతుంది. అమెరికాలో తప్పుడు లెక్కలతో దివాలా తీసిన ఎన్రాన్ కంపెనీకి ఆడిటర్‌గా ఉన్న ఆర్థర్ ఆండర్సన్ సంస్థని 2002లో దోషి అన్నారు. మూడేళ్ళ తరవాత అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసేటప్పటికి సంస్థ కూలిపోయింది, ఆ లెక్కలతో సంబంధం లేని వేలమంది ఉద్యోగాలు పోయాయి. అలాంటి ఉరిశిక్ష నేనూ కోరను.

కానీ జరిమానా, ఉరి, ఈ రెండే ఉన్నాయని ఎవరన్నారు? మన తెలుగువాళ్ళ కళ్ళముందే ఒక ఉదాహరణ ఉంది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు లెక్కలు తప్పని ఉత్తరం రాసినప్పుడు కంపెనీ మునిగిపోవాల్సిందే. కేంద్రం రోజుల వ్యవధిలో పాత బోర్డుని పక్కకి తోసి తన మనుషుల్ని కూర్చోబెట్టింది. ఏప్రిల్‌కల్లా వేలం వేసి టెక్ మహీంద్రాకి అప్పగించారు. ఉద్యోగులు చాలావరకు నిలబడ్డారు. రాజు గారి మీద కేసు వేరే నడిచి 2015లో ఏడేళ్ళ శిక్ష పడింది. కుర్చీలో ఉన్నవాళ్ళని మార్చి, కుర్చీ కింద పనిచేసేవాళ్ళని కాపాడటం సాధ్యమేనని మనం చేసి చూపించాం. మదుపరుల డబ్బు పోతే అది చేయగలిగాం. మనుషులు పోతే ఎందుకు చేయలేం?

ప్రొబేషన్ అనే శిక్ష ఇంకోటి. మనకి ప్రొబేషన్ అంటే ఉద్యోగంలో మొదటి ఏడాది గుర్తొస్తుంది. అమెరికాలో 1991 నుంచి సంస్థలకి శిక్ష వేయడానికి ప్రత్యేక మార్గదర్శకాలున్నాయి, కొంతకాలం సంస్థని కోర్టు నిఘాలో ఉంచే ఈ శిక్ష అందులో ఒకటి. కాలిఫోర్నియా కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ గ్యాస్ పైపు 2010లో శాన్ బ్రూనోలో పేలి ఎనిమిది మంది చనిపోయారు. కేసులో దోషిగా తేలాక కోర్టు 30 లక్షల డాలర్ల జరిమానాతో పాటు అయిదేళ్ళ ప్రొబేషన్ వేసింది. తన నేరాన్ని తనే టీవీల్లో, పత్రికల్లో ప్రకటనలిచ్చి చెప్పుకోమంది. ఆ ప్రొబేషన్ నడుస్తుండగానే 2018లో ఆ కంపెనీ లైన్ల నుంచి లేచిన మంట పారడైజ్ అనే ఊరిని బూడిద చేసింది. జడ్జి విలియం అల్సప్ కంపెనీ బోర్డు సభ్యుల్ని ఆ ఊరికి వెళ్ళి కళ్ళారా చూడమని ఆదేశించాడు. వాళ్ళు బస్సెక్కి వెళ్ళారు.

నాకు కావాల్సిన శిక్ష ఇలాంటిది. ఎర్ర సిరా పెన్ను ఏ గదిలో ఉందో ఆ గదిలోకి కోర్టు వెళ్ళాలి.

అది గెలిచిన కథ మాత్రం కాదు. 2022 జనవరిలో ప్రొబేషన్ ముగిసేటప్పుడు అదే జడ్జి, ఈ కంపెనీ మారలేదు, కాలిఫోర్నియాకి ఇంకా ప్రమాదకరంగానే ఉంది అని రాశాడు. గడువు అయిదేళ్ళే కాబట్టి వదిలేయక తప్పలేదు. మా తమ్ముడు దీన్నే పట్టుకుని చూశావా అంటాడు. నేను దాంట్లోంచి నేర్చుకునేది వేరు. క్యాలెండర్ చూసి శిక్ష ముగించకూడదు, పని చూసి ముగించాలి. పాడైన పరికరాలన్నీ మార్చేదాకా, వెనక్కి పంపిన భద్రతా ఇండెంట్లన్నీ తీరేదాకా, కాంట్రాక్టు కూలీకీ పర్మనెంటు ఉద్యోగికీ ఒకే మాస్కు, ఒకే శిక్షణ దొరికేదాకా కోర్టు మనిషి స్టోర్స్ రిజిస్టర్ తిప్పి చూస్తూ ఉండాలి. ఆ మనిషి జీతం కంపెనీ ఇవ్వాలి, మాట మాత్రం కోర్టుకే చెప్పాలి. జరిమానా టర్నోవర్‌ని బట్టి ఉండాలి. ఏ డైరెక్టరు భద్రతకి బాధ్యుడో పేరు గేటు దగ్గర రాసుండాలి. ప్రమాదం జరిగిన రోజు కాదు, జరగని రోజుల్లో.

ఇవన్నీ చేస్తే పరిశ్రమలు వేరే రాష్ట్రానికి పోతాయి అనే బెదిరింపు మన ఊళ్ళో ఎప్పుడూ వినిపిస్తుంది. ఈ ఊరికి ఉద్యోగాలు కావాలి, నేను ఆ జీతం మీదే ఇద్దరు పిల్లల్ని చదివించాను. అందుకే చెప్తున్నాను. రెండు సెన్సర్లు కొనలేని ఫ్యాక్టరీ ఏదీ ఈ ఊళ్ళో లేదు.

పోయిన సంక్రాంతి ముందు గాజువాక మార్కెట్లో ఇన్‌ఛార్జి గారు కనిపించారు. కేసు ఎప్పుడో కొట్టేశారు, రిటైరై మనవళ్ళతో ఉంటున్నారు. మనిషి బాగా చిక్కిపోయారు. "ఆ గులాబీ కాయితం ఉందా అమ్మా ఇంకా?" అని అడిగారు. పాత రికార్డు కంపెనీ ఎప్పుడో తీసేసింది, తేదీలు మాత్రం గుర్తున్నాయండీ అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, "టిక్కు పెట్టింది నేనేనమ్మా, అది నాది. కానీ ఆ కుర్రోడి తల్లికి మీటరు సంగతి ఎవరూ చెప్పలేదు. కొడుకు చూసుకోకుండా దిగీసేడనే అనుకుంటోంది ఇప్పటికీ" అన్నారు.

బ్రిటన్ చట్టంలో శిక్ష పడిన కంపెనీ తన నేరాన్ని బహిరంగంగా ప్రకటించేలా కోర్టు ఆదేశించవచ్చు. నేను జడ్జి కుర్చీలో ఉండి ఉంటే ముందు ఆ ఆదేశమే ఇచ్చేదాన్ని. ఫ్యాక్టరీ గేటు మీద, ఆ కుర్రాడి ఊరి పంచాయతీ ఆఫీసు గోడ మీద, తెలుగులో, కంపెనీ సంతకంతో ఒక నోటీసు అంటించమని. జూన్ 11న సెన్సర్లు కావాలని మా మనిషి అడిగాడు. మేం మూడుసార్లు తిప్పి పంపాం. సెప్టెంబరు 2న మీ అబ్బాయి చనిపోయాడు. 6న సెన్సర్లు తెప్పించాం.